థోర్ తిరిగొస్తాడు సరే, ఖరీదెవరు కడతారు?

థోర్ చచ్చిపోయాడు. ఇదేం కొత్త వార్త కాదు. 2004లో ఒకసారి పోయాడు, 2011లో ఇంకోసారి పోయాడు, 2025 జూలైలో మళ్లీ పోయాడు. ఈ మూడోది 'ది ఇమ్మోర్టల్ థోర్' 25వ సంచికలో. పేరులో అమరుడని పెట్టి మరీ చంపడం రచయిత ఆల్ యూయింగ్ చమత్కారం. ఆ మరుసటి నెలే ఆయనే రాస్తూ 'ది మోర్టల్ థోర్' మొదలైంది. లోకంలో థోర్ లేడు. ఆస్గార్డ్ అని ఒకటి ఉండేదని కూడా ఎవరికీ గుర్తు లేదు. సిగర్డ్ జార్ల్‌సన్ అనే ఒక మామూలు మనిషి ఉన్నాడు, అతని చేతిలో ఒక మామూలు సుత్తి ఉంది.

ఈ సిరీస్ ఎటు పోతుందన్నదాని మీద నా అంచనాలు రాసి పెట్టుకుందామని ఈ వ్యాసం. కథలోని ముఖ్యమైన మలుపులు కొన్ని చెప్పక తప్పదు కాబట్టి, ముందే తెలిసిపోవడం ఇష్టంలేని వాళ్లు చదివొచ్చాక ఇటు రండి. ఇక్కడెక్కడికీ పోదు.

సినిమాల్లో థోర్‌ని చూడటమే తప్ప కామిక్స్ జోలికి పోనివాళ్ల కోసం కాస్త నేపథ్యం. 1962లో 'జర్నీ ఇంటు మిస్టరీ' అనే పత్రిక 83వ సంచికలో స్టాన్ లీ, లారీ లీబర్, జాక్ కర్బీ కలిసి ఈ పాత్రని మొదలుపెట్టారు. డోనాల్డ్ బ్లేక్ అనే కుంటి డాక్టరుకి నార్వేలో ఒక గుహలో కర్ర దొరుకుతుంది. దాన్ని బండకేసి కొడితే కర్ర సుత్తి అవుతుంది, డాక్టరు దేవుడవుతాడు. తర్వాత కర్బీ ఈ దేవుణ్ణి నక్షత్రాల మధ్యకి తీసుకుపోయాడు. 1966కల్లా థోర్ 'ఈగో' అనే ప్రాణమున్న గ్రహంతో పోరాడుతున్నాడు. 2020లో డానీ కేట్స్ రాసిన కథలో ఏకంగా గ్రహాల్ని తినే గెలాక్టస్‌కి ముందు నడిచే దూత అయ్యాడు. ఉత్తర ఐరోపా పురాణమూ, అంతరిక్షమూ, సూపర్‌హీరో యుద్ధాలూ ఒకే గిన్నెలో కలిపిన వంటకం ఇది. అన్నిసార్లూ రుచిగా ఉండదు. ఉన్నప్పుడు మాత్రం వదలబుద్ధి కాదు.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏదైనా సిస్టమ్ పడిపోతే లాగ్స్ తిరగేసి, ఏ లైను దగ్గర మొదలైందో పట్టుకోవడం రోజూ చేసే పనే. ఆ అలవాటు కామిక్స్ చదివేటప్పుడూ పోదు. ఇరవై రెండు పేజీల్లో ఏది పునాది, ఏది అలంకారం అని వెతుకుతూనే ఉంటాను. నెలకో సంచిక వచ్చే కథకి ఈ వెతుకులాట కూడా చదవడంలో భాగమే. వాల్ట్ సైమన్సన్ 1983లో 337వ సంచికతో థోర్ రాయడం, గీయడం మొదలుపెట్టినప్పుడు, కథ మధ్యలో ఎక్కడో నక్షత్రాల మధ్య ఎవరో కత్తిని సుత్తితో సాగగొడుతున్న బొమ్మ పెట్టాడు. ఎవరు, ఎందుకు అని చెప్పలేదు. ఏడాది పాటు సంచిక తర్వాత సంచికలో ఆ దెబ్బ పడుతూనే ఉంది. ఆ చప్పుడు వింటూ నెలల తరబడి ఊహాగానాలు చేసుకున్న పాఠకుల అదృష్టం నాకు పుస్తకంగా చదివినప్పుడు దక్కలేదు. ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది.

ఇంతకీ మనం అంచనా వెయ్యాల్సిందేమిటి? థోర్ తిరిగొస్తాడా అన్నది ప్రశ్నే కాదు. సినిమాలున్నాయి, బొమ్మలున్నాయి, టీషర్టులున్నాయి. 2009లో మార్వెల్‌ని డిస్నీ కొనేసింది. అంత ఆస్తిని ఎవరూ పాడెమీద వదిలేయరు. 2004లో మైకేల్ ఏవన్ ఓమింగ్ రాసిన కథ దీన్నే ముఖాముఖి పట్టుకుంది. దేవతలు ప్రళయంలో పోవడం, మళ్లీ పుట్టడం, మళ్లీ పోవడం ఒక చక్రమనీ, ఆ చక్రాన్ని నీడల్లో కూర్చున్న వేరే ఎవరో తమ ఆకలి కోసం తిప్పుతున్నారనీ థోర్‌కి తెలుస్తుంది. అతను ఆ పోగు తెంపేసి, తనూ పోతాడు. చాలా గొప్ప ముగింపు. మూడేళ్లు నిలిచింది. 2007లో ఇంకో రచయిత అతన్ని తీసుకొచ్చాడు, ఆస్గార్డ్‌ని ఓక్లహోమాలో ఒక పల్లెటూరి పక్కన నేలకి కాస్త పైన తేలేట్టు నిలబెట్టాడు. అదీ బాగుంది. కానీ తెంపిన పోగు మాటేమిటి?

ముగింపు తెలిసిన కథని ఎందుకు చదవాలి అని అడిగేవాళ్లు ఉంటారు. తెలుగువాళ్లం మనం ఈ ప్రశ్న అడగకూడదు. 'మాయాబజార్' 1957లో వచ్చినప్పుడు శశిరేఖ ఎవర్ని చేసుకుంటుందో తెలియక టికెట్టు కొన్నవాళ్లు ఎవరూ ఉండరు. అంతకంటే పెద్ద విషయం, సినిమా ఎక్కడా చెప్పనిది, హాల్లో కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. ఈ పెళ్లికొడుకు పద్మవ్యూహంలోంచి బయటికి రాడు. ఇంత సందడి చేస్తున్న ఘటోత్కచుడు కర్ణుడి శక్తి ఆయుధానికి బలి అవుతాడు. ఆ ఆయుధం అర్జునుడి కోసం దాచింది. అది ఘటోత్కచుడి మీద ఖర్చయిపోయినందుకు కృష్ణుడు సంతోషిస్తాడు. తెరమీద నవ్వుతున్న కృష్ణుడికి అదంతా తెలుసు, మనకీ తెలుసు. ఎవరి ప్రాణానికి ఎవరి ప్రాణం లెక్క కట్టారో తెలిసి కూడా ఆ పెళ్లి భోజనం చూసి కడుపుబ్బా నవ్వుతాం.

అందుకని నా లెక్కలో అంచనా వెయ్యదగ్గ ప్రశ్న ఒక్కటే. తిరిగి రావడానికి ఖరీదెంత, కట్టేదెవరు?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. 2014 నుంచి 2018 దాకా జేసన్ ఏరన్ రాసిన కథలో సుత్తి జేన్ ఫాస్టర్ చేతికి వస్తుంది. జేన్‌కి రొమ్ము క్యాన్సర్. కీమోథెరపీ జరుగుతుంటుంది. సుత్తి ఎత్తి థోర్‌గా మారినప్పుడల్లా ఆమె ఒంట్లోంచి విషాలన్నీ పోతాయి, వాటితో పాటు కీమో మందు కూడా పోతుంది. క్యాన్సర్ మాత్రం పోదు. అంటే లోకాన్ని కాపాడిన ప్రతిసారీ ఆమె చావుకి ఒక మెట్టు దగ్గరవుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మా మేనత్తకి హైదరాబాదులో కీమో నడుస్తోంది. మా బావ, నేను వంతులేసుకుని వెంట వెళ్లేవాళ్లం. సీసాలో మందు చుక్కచుక్కగా దిగుతుంటే బావ ఫోన్లో ఈ కామిక్ చదివేవాడు. ఒకరోజు అత్తయ్య "ఏంట్రా అంత తలకాయ దించేసి" అని ఫోన్ లాక్కుని చూసింది. తలకి గుడ్డ కట్టుకున్న అమ్మాయి బొమ్మ. బావ కథ చెప్పాడు. అంతా విని, "పిచ్చిది, మందు పోతుందని తెలిసీ ఎత్తుతోందా?" అంది. కాసేపాగి, "ఎత్తకుండా ఉండలేదులే" అంది.

2018 సంక్రాంతికి ముందు అత్తయ్య పోయింది. ఆ వసంతంలోనే జేన్ కథ ముగిసింది. మాంగాగ్ అనే రాక్షసుణ్ణి సుత్తికి కట్టి సూర్యుడిలోకి విసిరేస్తుంది, దాంతో ఆమె ప్రాణం పోతుంది. తర్వాతి సంచికలో, అది 706వది, ఓడిన్, థోర్ కలిసి ఆమెని బతికిస్తారు. చాలామంది ఏడ్చారు, నేనూ ఏడ్చాను. బావ ఏడవలేదు. "బాగుంది, వాళ్లకి ఓడిన్ ఉన్నాడు" అని ఆరోజుతో థోర్ చదవడం మానేశాడు.

నిజానికి ఏరన్ అక్కడ పూర్తిగా తప్పించుకోలేదు. బతికి వచ్చిన జేన్ సుత్తి లేకుండా, మామూలు మనిషిలాగా మళ్లీ కీమోకి వెళుతుంది. సుత్తి ఆమె కట్టిన ఖరీదు. అయినా బావ మాట నాకు పట్టుకుంది. అప్పట్నుంచి ఏ కామిక్‌లో ఎవరు బతికొచ్చినా మొదట బిల్లు చూస్తాను.

అలా చూస్తే థోర్ చరిత్రలో బిల్లులు చాలానే ఉన్నాయి. 2010లో లోకీ చనిపోయి చిన్నపిల్లాడిగా తిరిగొచ్చాడు. కీరన్ గిలెన్ రెండేళ్లు ఆ పిల్లాణ్ణి మనం ప్రేమించేలా రాసి, చివర్లో ఆ శరీరాన్ని పాత లోకీ ఆక్రమించుకునేలా చేశాడు. లోకీ తిరిగి రావడానికి ఖరీదు ఆ పిల్లాడు. డానీ కేట్స్ కథలో డోనాల్డ్ బ్లేక్ సంగతి ఇంకా ఘోరం. థోర్ తిరుగుతున్నంతసేపూ బ్లేక్ ఎక్కడుంటాడన్నది అరవై ఏళ్లుగా ఎవరూ పట్టించుకోలేదు. ఒక అబద్ధపు ఊళ్లో, అబద్ధపు మనుషుల మధ్య దాచి ఉంచారట. అది తెలిసి పిచ్చెత్తి, పగతో బయటికొస్తాడు. థోర్ థోర్‌గా ఉండటానికి బ్లేక్ జీవితం ఖరీదు.

ఇప్పుడు యూయింగ్ దగ్గరికి వద్దాం. ఈయన ఈ బిల్లుల్ని దాచకుండా, వాటినే కథావస్తువుగా మార్చే రచయిత. 2018 నుంచి 2021 దాకా యాభై సంచికలు రాసిన 'ది ఇమ్మోర్టల్ హల్క్'లో గామా కిరణాలు తగిలినవాళ్లు చచ్చినా ఒక పచ్చ తలుపు గుండా తిరిగొస్తుంటారు. కామిక్స్‌లో ఎవరూ చావరన్న పాత పరిహాసాన్ని తీసుకుని, ఆ తలుపుకి అవతల ఏముంది అని అడిగాడు. అవతల నరకం ఉంది. అంతకుముందు 2014లో మొదలుపెట్టిన 'లోకీ: ఏజెంట్ ఆఫ్ ఆస్గార్డ్'లో, ఆ పిల్లాణ్ణి మింగిన పాపం మోస్తున్న లోకీ, అబద్ధాల దేవుడిగా మిగలనని తిరగబడి, కథల దేవుడవుతాడు. ఆ లోకీయే 'ఇమ్మోర్టల్ థోర్'లో మనకి కథ చెబుతూ, ఒకోచోట మగవాడిగా, ఒకోచోట ఆడమనిషిగా, అన్నకి పరీక్షలు పెడుతూ తిరుగుతుంటాడు.

ఆ సిరీస్‌లో ముఖ్యమైన పగవాళ్లు ఉట్‌గార్డ్ దేవతలు. మనుషులకి ఆస్గార్డ్ దేవతలు ఎలాగో, ఆస్గార్డ్ వాళ్లకి వీళ్లు అలాగ. చేతిలో చక్రంతో వచ్చే టోరనోస్‌ని ఒంటరిగా ఎదుర్కోలేక థోర్ తోటివాళ్లని కూడగట్టుకోవాల్సి వస్తుంది. ఈ ఉట్‌గార్డ్ పేరు వెనక పదమూడో శతాబ్దపు ఐస్లాండ్‌లో స్నోరీ స్టుర్లుసన్ రాసిన ఎడ్డా ఉంది. అందులో థోర్ ఉట్‌గార్డ్ రాజు కోటకి వెళ్లి పందేలు కాసి ఓడిపోతాడు. కొమ్ముబూరలో పానీయం ఎంత తాగినా తరగదు. పిల్లిని ఎత్తబోతే ఒక్క కాలే లేస్తుంది. ఒక ముసలిదానితో కుస్తీ పట్టి ఒక మోకాలి మీద పడిపోతాడు. తెల్లారి రాజు అసలు సంగతి చెబుతాడు. కొమ్ము రెండో కొస సముద్రంలో ఉంది, పిల్లి భూమిని చుట్టుకున్న మహాసర్పం, ముసలిది ముసలితనమే. ఆమెని పడగొట్టినవాడు ఎవడూ లేడు.

నా చదువులో 'మోర్టల్ థోర్' ఆ మూడో పందేనికి కొనసాగింపు. ఉట్‌గార్డ్ దాటిన దేవుడు నేరుగా మర్త్యుడవడం యాదృచ్ఛికం అనుకోను. మోకాలి మీద ఉన్నవాడు ఇంకా పడలేదు, లేవనూ లేదు. సిగర్డ్ జార్ల్‌సన్ అన్న పేరు కూడా కొత్తది కాదు. సైమన్సన్ కథలో థోర్‌కి మారుపేరు కావాల్సొస్తే నిక్ ఫ్యూరీ కళ్లజోడు పెట్టి ఆ పేరుతో తిప్పుతాడు, బిల్డింగ్ పనిలో చేరతాడు. అక్కడ అది వేషం, పాఠకుడికి నవ్వు. ఇక్కడ వేషం వేసినవాడు లేడు, వేషమే మిగిలింది.

సరే, నా అంచనాలు.

ఒకటి. సిగర్డ్‌కి తను థోర్ అని ఒక పిడుగుపాటుతో గుర్తురాదు. ముందు మనిషిగానే ఒక పని చేస్తాడు, ఆ తర్వాతే ఎంచుకునే అవకాశం వస్తుంది. ఆ ఎంపికలో సిగర్డ్ తన జీవితాన్ని ఇచ్చేయాల్సి ఉంటుంది. బ్లేక్ విషయంలో ఎవరూ అడగలేదు. ఈసారి అడుగుతారు. అదే తేడా అవుతుందని నా నమ్మకం.

రెండు. సుత్తి. మన పురాణంలో ఇంద్రుడి వజ్రాయుధానికి దధీచి మహర్షి తన వెన్నెముక ఇచ్చాడు. పిడుగుల దేవుడి ఆయుధం వెనక ఒక మనిషి ఒళ్లుంది. థోర్ సుత్తికి అలాంటి కథ లేదు. మరుగుజ్జులు చేశారు, లోకీ ఈగై కుడితే పిడి పొట్టిదైంది, అంతే. సిగర్డ్ చేతిలో ఉన్న మామూలు సుత్తికి ఈసారి అలాంటి కథ పుడుతుందని అనుకుంటున్నాను. అర్హత ఉన్నవాడే ఎత్తగల సుత్తి పోయి, ఎవరైనా ఎత్తగల సుత్తి వచ్చింది. ఎత్తినవాణ్ణి బట్టి దానికి విలువ రావాలి.

మూడు. బిల్లు కట్టేది లోకీ. కథల దేవుడు ఒక కథలోంచి అన్నని తప్పించాలంటే, ఇంకో కథలోంచి తనని తను కొట్టేసుకోవాలి. పిల్లాడి బాకీ ఇంకా అలాగే ఉంది కదా.

నాలుగు. రాక్సాన్‌ని ఎవరూ ఓడించరు. ఇది కాస్త వివరించాలి. 'ఇమ్మోర్టల్ థోర్'లో రాక్సాన్ అనే చమురు కంపెనీ కామిక్స్ ప్రచురణ సంస్థని కొనేసి, థోర్ మీద తన సొంత కామిక్ వేస్తుంది. దేవతలు కథలతో అయినవాళ్లు కాబట్టి, కథ మారిస్తే దేవుడు మారతాడు. ఆ కంపెనీ కామిక్‌ని 2024లో మార్వెల్ నిజంగానే 'రాక్సాన్ ప్రెజెంట్స్: థోర్' అని అచ్చేసి అమ్మింది. చదువుతుంటే నవ్వొస్తుంది, తర్వాత అంత హాయిగా ఉండదు. ఒక పెద్ద కంపెనీ ఆస్తి అయిన దేవుడి చేత, దేవుణ్ణి ఆస్తిగా చేసుకున్న కంపెనీని తిట్టించడం. ఆ తిట్టు ఎంతవరకు పోనిస్తారో యూయింగ్‌కి తెలుసు. హరికథ చెప్పేవాడు కృష్ణుణ్ణి ఎలాగైనా మలుచుకోవచ్చు, వచ్చి అడిగేవాడు లేడు. 'మాయాబజార్'లో అభిమన్యుడికి శశిరేఖనిచ్చి చేస్తే వ్యాసుడి తరఫున నోటీసు రాలేదు. థోర్‌కి మాత్రం ఆ స్వేచ్ఛ రాక్సాన్ పోయినా రాదు. అందుకే ఆ దారం తెగకుండా వేలాడుతూ ఉంటుందని నా అంచనా.

ఐదు. ఇది ఒట్టి ఇంజినీరు లెక్క. 'ఇమ్మోర్టల్ హల్క్' యాభై సంచికలు. 'ఇమ్మోర్టల్ థోర్' ఇరవై అయిదు. అమ్మకాలు సహకరిస్తే 'మోర్టల్ థోర్' కూడా ఇరవై అయిదు దగ్గర ఆగి, రెండూ కలిసి ఒకే పుస్తకంగా నిలబడతాయి.

వీటిలో ఎన్ని నిజమవుతాయన్నది నాకు అంత ముఖ్యం కాదు. ఒక్క మూడోదాని మీద మాత్రం ఆశ ఉంది. ఎవరూ ఏమీ ఇవ్వకుండా మెరుపు మెరిసి థోర్ నిలబడితే, ఎంత బాగా గీసినా ఆ పేజీ నేను రెండోసారి తిప్పను. చచ్చినవాళ్లు రారని తెలిసిన మనిషి కూడా ఒప్పుకోగలిగేలా ఒక రాకని రాయగలరా అన్నదే ఇక్కడ పరీక్ష. ఈ పని చేయగల రచయితలు ఇప్పుడు సూపర్‌హీరో కామిక్స్‌లో నాకు తెలిసి ఇద్దరో ముగ్గురో. యూయింగ్ వాళ్లలో ఒకడు.

ఏడేళ్లుగా థోర్ ముట్టుకోని బావకి 'మోర్టల్ థోర్' మొదటి సంచిక గురించి చెప్పాను. దేవుడు లేడు, మనిషే ఉన్నాడు అన్నాను. "మనిషేనా? అయితే చదవొచ్చు" అన్నాడు. ఇప్పుడు ప్రతి సంచికకీ నాకంటే ముందే మెసేజ్ పెడుతున్నాడు. నా అయిదు అంచనాలూ చూసి, మూడోది కొట్టేసి, దాని పక్కన తన అంచనా రాశాడు: బిల్లు సిగర్డే కడతాడు, మనుషులే కదా ఎప్పుడూ కట్టేది. వాదన ఇంకా తేలలేదు. వచ్చే సంచిక ఇంకో రెండు వారాల్లో ఉంది.